మాడు వాసన

మనిషి మెడ వెనక భాగం చూసి లోపల ఏం నడుస్తున్నదో పొల్లు పోకుండా చదవగల మొనగాణ్ణి నేను. నవ్వేవాళ్లు నవ్వండి. అయిదో తరగతిలో మా ఊరి పంతులు నా చెవి మెలిపెట్టి బడి గడప దాటించిన నాటి నుంచి పుస్తకాలకు బదులు మెడలే చదువుకుంటూ వచ్చాను. అంగడిలో బేరగాడి మెడ చూసి అతని ఎద్దుకు ఎన్ని పళ్లున్నాయో చెప్పాను, కావాలంటే అడగండి, ఆ బేరగాడు లేడు, ఎద్దూ లేదు, నేనున్నాను. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. జనగాం నుంచి కాజీపేట పోయే జీపు రఘునాథపల్లి దాటాక రాస్తారోకోలో చిక్కుకుంది. వెనక సీటులో మూటల నడుమ ఇరుక్కున్న నాకు, ముందున్న మెడ ఒకటి చదువుకోవడానికి దొరికింది. అది దర్జీ షంషుద్దీన్ మెడ. బచ్చన్నపేట పక్క పల్లె. ఊళ్లో పీర్ల కొట్టానికి ముజావర్ కూడా అతనే. పీర్లకు ఊదు వేసేది, ఫాతెహా చదివేది, మొక్కుకు వచ్చినవాళ్ల చేతికి దారం కట్టేది అతనే. ఆ గంటసేపు ఆ మెడలో ఏం నడిచిందో చెబుతాను, వినండి.

"అబ్బా, మాడు వాసన."

మెహనాజ్ ఆ మాట అనగానే నడుస్తున్న మిషన్‌లో దారం తెగినట్టయింది షంషుద్దీన్‌కు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, సూది కిందికీ పైకీ పోతూనే ఉంటుంది, కుట్టు మాత్రం పడదు. ఆరేళ్ల పిల్ల. తన బిడ్డే గానీ తన ఒళ్లో లేదు, పక్కన కూర్చున్న చిలుకమ్మ ఒళ్లో ఉంది. జనగాంలో జీపు ఎక్కుతూనే చిలుకమ్మ "పీరు బిడ్డను నేనెత్తుకుంట సాయిబన్నా" అని, తన కొడుకు ఐలేశ్‌ను మొగుడు కుమారస్వామి ఒళ్లోకి తోసి మరీ మెహనాజ్‌ను లాక్కుంది. వద్దనడానికి నోరు రాలేదు. వాసన ఎక్కడిది? తారు రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు వరసగా మండుతున్నాయి. వంటావార్పు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, డప్పు మోగుతోంది, పొగంతా జీపులోకే వస్తోంది. అతను ముక్కు ఎగబీల్చాడు. మాడినట్టే ఉంది. మాడనట్టూ ఉంది. ఫిట్స్ వచ్చే ముందు ప్రతిసారీ మెహనాజ్‌కు ఏదో మాడిన వాసన వస్తుంది. ఇంట్లో పొయ్యి చల్లారి ఉన్నా సరే, బయట వాన కొడుతున్నా సరే, "అబ్బా, మాడు వాసన" అంటుంది. గౌను అంచు వేళ్ల మధ్య పెట్టి నలుపుతుంది. ఆ తరువాత కళ్లు ఒక పక్కకు పోతాయి. పొయ్యి లేనిచోట ఆ మాట వినబడితే ఏం చేయాలో అతనికి తెలుసు. ఇన్ని పొయ్యిల నడుమ వినబడితే ఏమనుకోవాలో ఎవరూ చెప్పలేదు.

"అవ్ బిడ్డా, అడుగంటింది," అన్నది చిలుకమ్మ పిల్ల తల నిమురుతూ. "మొగోళ్లు వండితే గట్లనే ఉంటది. తెలంగాణనైతే తెస్తరు గని, గంజి వంపరాదు వీళ్లకు."

జీపంతా గొల్లుమంది. డ్రైవర్ హీర్యా స్టీరింగు మీద చరిచి మరీ నవ్వాడు.

"నవ్వుతవేందే," అన్నాడు కుమారస్వామి పెళ్లాంతో. "మా భూపాలపల్లిల మొన్న వంటావార్పు పెడితిమి. గుండిగ ఎంత పెద్దదనుకున్నవ్, గరిటె లోపల పడ్డదని ఒకడు దిగిండు. ఇంకా ఎక్కలె."

షంషుద్దీన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని చూస్తారు. నవ్వుతూనే బిడ్డ వేళ్ల వంక చూశాడు. గౌను అంచు నలుపుతోందా? లేదు. చిలుకమ్మ గాజులు లెక్కపెడుతోంది, ఏక్, దో, తీన్. సరే, అన్నమే మాడింది. అన్నమే. అయినా చూపు మళ్లించబుద్ధి కాలేదు. ఆ వేళ్లను ఎంతకాలం నుంచి ఇట్లా కాపలా కాస్తున్నాడు? మొదటిసారి మిషన్ కింద. గుడ్డపేలికల కుప్పలో కూర్చుని ఆడుకుంటోంది, కాళ్లకు గజ్జెలు. పండుగ ముందరి పని, తలెత్తే తీరిక లేదు, గజ్జెలు మోగుతుంటే బిడ్డ ఆడుతోందనుకున్నాడు, ఆ మోతకు తగ్గట్టు మిషన్ కూడా తొక్కాడు, ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే కాలు కాలినట్టవుతుంది. గజ్జెలు ఒక్క తీరుగా, ఆగకుండా, పిల్ల ఆట కాని తీరుగా మోగుతుంటే అప్పుడు వంగి చూశాడు. భార్య ఖమర్ బీ తాళాల గుత్తి పట్టుకుని ఉరికొచ్చింది, ఎవరో చెప్పు వాసన చూపమన్నారు, ఎవరో ఉల్లిగడ్డ చితకమన్నారు. ఆ తరువాత ఎక్కని గుట్ట లేదు, కట్టని తాయెత్తు లేదు. మెహనాజ్ మెడలో తాయెత్తులు ఎన్నయ్యాయంటే, ఆ పిల్ల వాడకట్టులో నడిచొస్తుంటే మేకల మంద వస్తోందనుకుని ఆడవాళ్లు ఎండబోసిన వడ్లు ఎత్తి లోపల పెట్టుకునేవాళ్లు. అంత మోత. అంత మోతలోనూ ఆ జబ్బు మాత్రం చప్పుడు చేయకుండా వచ్చేది.

డప్పు ఆగింది. ఎవరో మైకులో నినాదం ఇస్తున్నారు, అందరూ అందుకుంటున్నారు. జీపులో ఐలేశ్ కూడా అందుకున్నాడు, చేయి పైకెత్తి. ఎత్తిన చేతికి గుడ్డ కట్టు ఉంది, మోచేతి దాకా. షంషుద్దీన్ ఆ చేతి నుంచి చూపు తప్పించి రోడ్డు మీది జెండాలను చూశాడు. వాటిలో సగం తను కుట్టినవే అయి ఉంటాయి, ఈ మూడు నెలల నుంచీ జెండాల పనే చేతినిండా. జెండా కుట్టడం తేలిక, జెండాకు మెడ ఉండదు, చంక ఉండదు, కొలతలకు నిలబడి కళ్లలోకి చూడదు. చూసేది మనుషులే. ఖమర్ బీ చూసింది ఆ రోజు. మానుకోటలో, ఆమె చెల్లెలి నిఖా అయిన రోజు. మెహనాజ్‌ను భుజాన వేసుకుని షామియానాలో నిలబడి ఉన్నాడు, పిల్ల చెవి పక్కన "మాడు వాసన" అంది, అన్నంతలోనే కట్టెలా బిగుసుకుంది. చుట్టూ కొత్త చుట్టాలు. అతను ఏం చేశాడు? పిల్ల మొహం తన భుజానికి అదుముకున్నాడు. మీదున్న శాలువా పిల్ల మీద కప్పాడు. "నిద్రపోయింది" అన్నాడు, ఎవరూ అడగకముందే. శాలువా కింద బిడ్డ మోకాళ్లు తన కడుపులో తన్నుతున్నాయి, పళ్లు కొరికే చప్పుడు తన ఎముకల్లోంచి వినబడుతోంది, తను మాత్రం పెళ్లికొడుకు తండ్రితో బిర్యానీలో ఉప్పు సరిపోయిందని చెబుతున్నాడు. అది ఆగేదాకా చెబుతూనే ఉన్నాడు. ఉప్పు గురించి లోకంలో ఎవరూ అంత సేపు మాట్లాడి ఉండరు. షామియానా అవతలి నుంచి ఖమర్ బీ చూసింది. పరదా వెనక నుంచి రెండు కళ్లు. ఆమె ఈనాటి దాకా ఆ ఊసు ఎత్తలేదు, ఎత్తి ఉంటే బాగుండేది.

మరునాడు పొద్దున బావమరిది ఒవైస్ స్కూటరు తెచ్చి గుమ్మం ముందు నిలిపి, "దుల్హేభాయ్, బైఠో" అన్నాడు. ఎక్కడికని అడగలేదు, పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. మానుకోటలో ఒక చిన్న దవాఖాన, ఒక డాక్టరమ్మ. ఆమె పిల్లను కాదు, ముందుగా అతన్ని చూసింది. చేతిలో తాళాలు పెట్టొద్దంది. నోట్లో చెంచా పెట్టొద్దంది. పక్కకు ఒత్తిగిల్లబెట్టాలి, మెడ దగ్గర వదులు చేయాలి, ఆగేదాకా పక్కన ఉండాలి, గోలీ మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దు. "మీ దువా మీరు చేసుకోండి, నేనేం వద్దనను" అని కూడా అంది. నిజం చెప్పాలంటే ఆ మాటకే అతనికి ప్రాణం లేచొచ్చింది. అతనికి పీరు మీద నమ్మకం లేక కాదు. ఉంది. ఎంత ఉందంటే, గోలీ వేస్తే పీరుకు కోపమొస్తుందేమోనని మొదటి వారమంతా కొట్టంలో ఊదు రెట్టింపు వేశాడు. ఖమర్ బీకి ఆ బాధ లేదు. "గోలీ కూడా అల్లా తోవలదే, నీ పీరుకు గంత చిన్న మనసెందుకుంటది?" అనేది.

గోలీ చేదు. పిల్ల ఉమ్మేసేది. అందుకని ఖమర్ బీ రొట్టె ముక్క, బెల్లం కలిపి నలిపి, ముద్ద నడుమ గోలీ పొడి పెట్టి మింగించేది. రొట్టె బెల్లం నలిపితే ఊళ్లో దాన్ని మలీద అనే అంటారు, పీర్ల దగ్గర ఫాతెహా ఇచ్చి పంచేది అదే గదా. పిల్లకు ఫిట్స్ తగ్గాయి. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. ఒక పొద్దున ఎదురింటి ఆగయ్య తాత అరుగు మీద నుంచి చూసి, "ఏందే ఖమరూ, రోజు పొద్దుగాల పోరికి మలీద పెడుతున్నవ్? గందుకేనా మంచిగైంది?" అని అడిగాడు. ఖమర్ బీ షంషుద్దీన్ దిక్కు చూసింది. మిషన్ మీద ఉన్నాడు, నోట్లో సూది ఉంది. తల ఊపాడు. అంతే. నోట్లో సూది ఉన్నందుకు మాట్లాడలేకపోయానని ఆ తరువాత చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. సూది తీయడానికి ఎంతసేపు పడుతుంది?

ఆగయ్య నోట్లో పడిన మాట అంగడిలో పడినట్టే. పీర్ల పండుగ నాటికి మండలమంతా తెలిసింది, ముజావర్ బిడ్డకు మలీదతోనే మూర్ఛ జబ్బు నయమైందని. తండ్రి హయాంలో కొట్టం పైకప్పు కారుతుంటే పీర్లను మూటగట్టి ఇంట్లో పెట్టుకున్నారు, మొక్కేవాళ్లు లేక. ఆ ఏడు బండ్లు, ఆటోలు, మనుషులు. పీర్లకు కట్టే దట్టీలు కుట్టి కుట్టి వేళ్లు వాచాయి. కప్పు మీద కొత్త రేకులు పడ్డాయి. జనం మెహనాజ్ కాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకుంటుంటే పిల్ల కితకితలకు నవ్వేది, ఆ నవ్వు కూడా మహిమే అన్నారు. అప్పుడు అతనికి ఎట్లా ఉంది? దాచేదేముంది, బాగుంది. తండ్రి చూసి ఉంటే అనిపించింది. ఆ గుంపులోనే కుమారస్వామి, చిలుకమ్మ వచ్చారు, ములుగు దిక్కు ఘనపూర్ నుంచి. కుమారస్వామికి భూపాలపల్లి బొగ్గు బాయిలో కూలి పని. ఐలేశ్‌కూ అదే జబ్బు, కాళేశ్వరంలో ముంచారట, ఇంకెక్కడెక్కడో తిప్పారట, దవాఖాన గోలీలు కూడా వాడుతున్నారట. చిలుకమ్మ మెహనాజ్‌ను అట్లా చూస్తూ కూర్చుంది చాలాసేపు, అంగట్లో తన కొలతకు సరిపోయే బట్ట దొరికినట్టు. వెళ్లేముందు కుమారస్వామి చేతులు కట్టుకుని చెప్పాడు. "గోలీలు బంద్ పెడుతున్నం సాయిబన్నా. రెండు పడవల మీద కాళ్లెందుకు? మీ పాప లెక్కనే మావోడు గూడ."

అప్పుడు నోట్లో సూది లేదు. "పీరు చూస్తడు" అన్నాడు షంషుద్దీన్.

ఎండ జీపు రేకు మీద మండుతోంది. మెహనాజ్ గాజుల లెక్క వదిలి ఐలేశ్ చేతి కట్టును వేలితో ముట్టుకుంది. "నొప్పున్నదా?" అంది. "లేదు," అన్నాడు వాడు, "నాకు ఎరుకనే లేదు పడ్డది." ఫిట్స్ వచ్చి రొట్టెల పెనం మీద పడ్డాడట, తల్లి పిండి తేవడానికి లోపలికి పోయి వచ్చేలోపు. ఆ సంగతి మొన్న కొట్టంలో చిలుకమ్మ చెబుతుంటే షంషుద్దీన్ పీర్ల మీది దట్టీల మడతలు సరిచేశాడు, సరిగ్గానే ఉన్న మడతలను. ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. మా మొక్కు తక్కువైంది, మా పోరడు మీ పాపంత నిష్ఠగ లేడు, అందుకే ఈసారి పెద్ద దట్టీ తెచ్చినం అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆ రాత్రి ఖమర్ బీ చెప్పమంది కూడా. ఆమెకు ఇంకో సంగతి మీద కూడా మండిపోతోంది. గోలీలు అయిపోయాయి. నెలనెలా మానుకోట పోయి తెచ్చేవాడు, సమ్మెలో బస్సులు లేక పోలేకపోయాడు. బచ్చన్నపేటలో కనకయ్య మందుల దుకాణంలో అవే గోలీలు దొరుకుతాయి. కానీ కనకయ్య ఏటా పీరుకు దట్టీ కట్టేవాడు. అతని ముందు డాక్టరమ్మ చీటీ పెడితే? "బిడ్డ కన్నా కనకయ్య ఎక్కువైండా?" అంది ఖమర్ బీ. లోపల మెహనాజ్ తమ్ముడికి జ్వరం, లేకపోతే తనే బయలుదేరేది. రెండు రోజులు ఆగి చూద్దామన్నాడు. రెండు రోజులు మలీదలో ఉత్త బెల్లమే ఉంది. మెహనాజ్ తిని, "ఇయ్యాల తియ్యగున్నది అబ్బా" అంది సంబరంగా.

ఇదంతా ఒక ఎత్తు. ఈ పొద్దున జనగాం బస్టాండు దగ్గర జరిగింది ఒక ఎత్తు. బంద్ అయినా అక్కడ ఒక మందుల దుకాణం షట్టరు సగం లేచి ఉంది. లోపల దీపం, మనిషి. వంగితే చాలు. చీటీ జేబులోనే ఉంది, జేబు మీద చేయి కూడా వేశాడు. పక్కనే చిలుకమ్మ నడుస్తోంది, గోలీల కోసమని చెప్పక, మానుకోటకు అత్తగారింటికి పోతున్నానని తను చెప్పిన మాట నమ్మి, మొక్కు తీర్చుకుని ఘనపూర్ తిరిగి పోయేవాళ్లు కాజీపేట దాకా అతని వెంటే వస్తున్నారు. "ఏందన్నా, తలనొస్తున్నదా? గోలీ కావాల్నా?" అని అడిగింది, అతని చూపు ఎటు పోయిందో చూసి. "ఏ, ఏంలేదు" అని ముందుకు నడిచాడు. ఏం లేదట. వంగడానికి నడుము లేదు, చెప్పడానికి నోరు లేదు.

"అబ్బా." మళ్లీ పిలిచింది. "ఇంకా వస్తున్నది వాసన."

చూశాడు. కుడిచేతి వేళ్లు. గౌను అంచు దొరకబుచ్చుకున్నాయి. లేదా ఊరికే పట్టుకుందేమో. పిల్లలు పట్టుకోరా? అతని పెదవులు కదలడం మొదలుపెట్టాయి. యా అల్లా, ఇక్కడ వద్దు. వీళ్ల ముందర వద్దు. కాజీపేటలో వీళ్లు ములుగు జీపు ఎక్కి పోతారు, పోనీ, ఆ మలుపు తిరగనీ, ఆ తరువాత రావాలనుంటే రానీ. యా అల్లా, ఇక్కడ వద్దు, వీళ్ల ముందర వద్దు. మళ్లీ అదే, తిప్పి తిప్పి అదే, నడుస్తున్న మిషన్‌లా అదే. ఉన్నట్టుండి తను అడుగుతున్నదేమిటో తనకే వినబడింది. బిడ్డకు రావద్దని అడగడం లేదు. ఎక్కడ రావాలో చెబుతున్నాడు. దేవుడి ముందు నిలబడి, ఇక్కడ కాదు అక్కడ అని, బిడ్డ మూర్ఛకు కొలతలిస్తున్నాడు. శాలువా తీసేశాననుకున్నాడు ఇన్నాళ్లూ. తీయలేదు. ఆ శాలువానే కొట్టమంత పెద్దగా కుట్టుకుని, దాని కింద తన బిడ్డనే కాక ఇంకొకరి బిడ్డను కూడా కప్పాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మెడ చూసి చదువుతానన్నాను గదా? ఉత్తదే. ఆ మెడ మీద నాకు చెమట, ఒక పులిపిరి తప్ప ఏమీ కనబడలేదు. ఇట్లాంటి దువా ఏ మెడ మీదా రాసి ఉండదు. ఇదంతా తరువాతెప్పుడో షంషుద్దీనే చెప్పాడు, నా లాల్చీకి కొలతలు తీస్తూ, నా వెనక నిలబడి. అంటే చదివితే గిదివితే నా మెడే అతను చదివి ఉంటాడు. ఆ ఎద్దు పళ్ల సంగతి కూడా మరిచిపోండి. ఇక ముందుకు పోదాం.

వచ్చింది. మెహనాజ్ కళ్లు ఒక పక్కకు పోయాయి, ఒక చిన్న మూలుగు, ఆ తరువాత చిలుకమ్మ ఒళ్లో పిల్ల విల్లులా వంగింది. చిలుకమ్మ కేకకు బయట నినాదాలు ఆగిపోయాయి. "తాళాలు పెట్టున్రి చేతిల!" అని హీర్యా బండి తాళం ఊడబెరికి వెనక్కి చాచాడు. "వద్దు" అన్నాడు షంషుద్దీన్. ఆ గొంతు ముజావర్‌ది కాదు. పిల్లను అందుకుని సీటు మీద ఒత్తిగిల్లబెట్టాడు. "నోట్ల ఏం పెట్టకున్రి. గాలి రానియ్యున్రి." మెడలో తాయెత్తుల దారం బిగిసి ఉంది, ముడి రావడం లేదు. దర్జీ గదా, వంగి పళ్లతో తెంపాడు. తెంపిన తాయెత్తులను కళ్లకద్దుకుని జేబులో వేసుకుని, బిడ్డ తల కింద తన అరచేయి పెట్టి కూర్చున్నాడు. దాచడానికి ఏమీ లేదు. అందరూ చూస్తున్నారు. చూడనీ.

అప్పుడు చిలుకమ్మ అతని కాళ్ల మీద పడింది.

"మాదే తప్పు సాయిబన్నా! మా పోరనిది నీ బిడ్డకు అంటింది. నేను ఎత్తుకోకపోయేదుండె. పీరు బిడ్డను మైల చేస్తిని, నాకు కండ్లు పోను!"

"నీకెందుకమ్మా గంత ఆత్రం? ఎందుకెత్తుకున్నవ్?" అని వెనక నుంచి ఎవరో గదమాయించారు. కుమారస్వామి మొహం నల్లబడింది. చిలుకమ్మ లేచి, తిరిగి, ఐలేశ్ వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ పాడుగాను, నీ గాలి పాడుగాను!" వాడు ఏడవలేదు. కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు, అదేదో ఆ చేయి చేసిన తప్పయినట్టు. షంషుద్దీన్ అది చూశాడు. ఎంత తేలిక! నోరు మూసుకుంటే చాలు. జీపంతా తన పక్షమే ఉంది. పీరు పరువు నిలిచింది, తన పరువు నిలిచింది, తప్పు ఆ అయిదేళ్ల పిల్లవాడి మీద పడింది. తల ఊపితే చాలు, మళ్లీ.

"పిల్లగాన్ని కొట్టకు చిలుకమ్మా," అన్నాడు. "మీది అంటలే. నా బిడ్డది నా బిడ్డదే. గోలీలు అయిపోయినయ్. రెండు దినాల సంది లెవ్వు."

"ఏం గోలీలు?" అన్నాడు కుమారస్వామి.

"ఫిట్స్ గోలీలు. పోయిన ఏడు ఎండకాలం సంది ఏసుకుంటనే ఉన్నది. మానుకోట డాక్టరమ్మ రాసింది."

"మరి మలీద?"

"మలీదల గోలీ ఉంటుండె."

కుమారస్వామి ఐలేశ్ కట్టు చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. "నేను గోలీలు బంద్ పెడుతున్ననంటే, పీరు చూస్తడంటివి గదా?"

"అన్న."

"నా మొఖం చూసుకుంటనే అన్నవు గదా?"

"అన్న. నీ మొఖం చూసుకుంటనే."

పిల్ల ఒంట్లో బిగువు సడలింది. ఊపిరి పెద్దగా తీసుకుంది, చొంగ కారింది, అతను అంగీ అంచుతో తుడిచాడు. బయట గరిటె చేతబట్టుకున్న ఒకాయన జీపులోకి తొంగి చూసి, వెనక్కి తిరిగి అరిచాడు. "పొయ్యి జరుపున్రి! పిల్లకు బాగలేదు, బండి పోనియ్యున్రి!" పదిమంది గోనెపట్టాలతో గుండిగను పట్టి మండుతున్న పొయ్యి మీది నుంచి దించారు, కాళ్లతో కొరకాసులు తోశారు, రాళ్లు దొర్లించారు. జీపు ఆ సందులోంచి మెల్లగా కదులుతుంటే మూత జరిగిన గుండిగలో అన్నం కనబడింది. తెల్లగా ఉంది, మల్లెపువ్వులా. అడుగు సంగతి ఎవరికి తెలుసు.

కాజీపేట దాకా మెహనాజ్ తండ్రి ఒళ్లో సోయి లేకుండా నిద్రపోయింది. దిగగానే మందుల దుకాణం ముందు నిలబడి, అందరూ వినేట్టు గోలీల పేరు చెప్పి కొన్నాడు. కుమారస్వామి ఆ పేరు తనకూ రాసిమ్మన్నాడు. "గీ పేరు నీకెందుకు పనికొస్తదన్నా? ఒక్కో పిల్లకు ఒక్కో లెక్క ఉంటదట," అన్నాడు షంషుద్దీన్. "మీ దవాఖానకే తీస్కపో. బంద్ పెట్టినమని చెప్పు. ఎవడు పెట్టిచ్చిండంటే నా పేరు చెప్పు." అప్పుడు చిలుకమ్మ దగ్గరికి వచ్చింది. నిద్రపోతున్న మెహనాజ్ నుదురు మీది వెంట్రుకలు పక్కకు దువ్వింది. "పోనీ అన్నా," అంది. "బిడ్డలు బతకాలె, గంతే. మావోడు మంచిగైనంక దట్టీ నీతోనే కుట్టిపిచ్చుకుంట."

తిరిగి వచ్చాక షంషుద్దీన్ గోలీలు కనకయ్య దగ్గరే కొంటున్నాడు. పీర్ల పండుగకు వచ్చినవాళ్లకు దారం కడుతూ, దవాఖాన గోలీ ఆపొద్దని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. కొంతమంది దారం కట్టించుకోకుండానే లేచి పోతున్నారు. ఇదంతా రాసి ఒక రోజు అతనికి చదివి వినిపించాను. తాయెత్తుల మేకల మంద దగ్గర నవ్వాడు, శాలువా దగ్గర తల వంచుకున్నాడు, అయినా ఔను ఔను అంటూనే కుడుతున్నాడు. చివరికొచ్చేసరికి చక్రం మీద చేయి వేసి మిషన్ ఆపేశాడు.

"చిలుకమ్మ గట్లనలే తాతా. నువ్వు గూడ ఆన్నే ఉంటివి గదా. ఏమనలే ఆమె. పిల్లగాన్ని సంకనేసుకొని ఎనకకు తిరగకుంట పోయింది. గా మాట నీదే. గదొక్కటి కొట్టెయ్."

నాదే. కొట్టేద్దామనే కూర్చున్నాను. చేయి రాలేదు.